ఆ దెబ్బ ఎక్కడ పుట్టింది?

బడి నుంచి కబురొస్తుంది. "మీ వాడు పక్కవాణ్ణి కొట్టాడు. ఒకసారి వచ్చి కలవండి" అని. ఆ కబురొచ్చిన ఇంట్లో ముందుగా తలదించుకునేది ఎవరో మీకు వేరే చెప్పనక్కరలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన తండ్రి "చూశావా నీ కొడుకు నిర్వాకం!" అంటాడు. పొద్దుటిదాకా "మా వాడు" అయినవాడు ఆ పూటకి "నీ కొడుకు" అయిపోతాడు. "మా ఇంటా వంటా లేదమ్మా ఇలాంటి బుద్ధి" అని అత్తగారు తాంబూలం నములుతూ ఓ మాట విసురుతుంది. బడికి వెళితే మాస్టారు "ఇంట్లో ఎలా వుంటాడండీ?" అని ఆరా తీస్తారు. "ఇంట్లో బంగారంలా వుంటాడు, ఇదంతా మీ బళ్లోనే నేర్చుకున్నాడు" అని తల్లి నోటిదాకా వచ్చిన మాటని మింగేస్తుంది. దెబ్బ తిన్న పిల్లవాడి తల్లికైనా సుఖం వుందా అంటే, అదీ లేదు. "మీ వాడు ముందేమన్నాడో కనుక్కోండి" అని ఆవిడనే నిలదీస్తారు.

ఇల్లు బడిని అంటుంది, బడి ఇంటిని అంటుంది. ఇద్దరూ రాజీపడి సినిమాల్నీ, ఈ మధ్య సెల్‌ఫోన్లనీ అంటారు. ఇంతకీ ఆ చెయ్యి పైకి లేవడానికి కారణం ఎక్కడ పుట్టింది? పిల్లవాడి బుర్రలోనా, ఇంట్లోనా, బళ్లోనా, వీధిలోనా? ఈ తగువు తీర్చడానికి కొందరు జీవితాలే ధారపోశారు. వాళ్ల కథ మన ఆడవాళ్లు తెలుసుకోదగ్గది. ఎందుకంటే ఆ కథ మలుపు తిరిగింది ఓ ఇల్లాలి వంటింట్లో.

రష్యా విప్లవంతో అట్టుడికిన 1917లో మాస్కోలో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్. ఆ పేరు పలకాలంటే నాలుక నాలుగు వంపులు తిరగాలి గాని, ఆయన చెప్పిన విషయం మాత్రం మన ఇంటి భాషలో ఇమిడిపోతుంది. ఆరేళ్ల వయసులో తల్లిదండ్రులతో అమెరికా చేరాడు. తండ్రి వైద్యుడు. న్యూయార్క్ రాష్ట్రంలో బుద్ధిమాంద్యం వున్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే లెచ్‌వర్త్ విలేజ్ అనే సంస్థలో ఉద్యోగం. ఆ ఆవరణలోనే కాపురం. చుట్టూ పొలాలు, అడవి, గుట్టలు, పశువులు. తండ్రి కొడుకుని వెంటబెట్టుకుని తిరుగుతూ ఏ మొక్క ఏ నీడన బతుకుతుందో, ఏ ప్రాణి దేని ఆసరాతో నిలుస్తుందో చూపించేవాడట.

అదే తండ్రి ఇంటికొచ్చి బాధపడే సంగతి ఒకటుంది. న్యాయస్థానాలు అప్పుడప్పుడు పొరపాటున మామూలు పిల్లల్ని కూడా ఆ సంస్థకి పంపేసేవి. వాళ్లని విడిపించడానికి కాగితాలు కదిలేలోపు కొన్ని వారాలు గడిచిపోయేవి. ఆ కొన్ని వారాలూ, ఇద్దరు ఆయాలున్న ఓ కాటేజీలో ఎనభై మందిలో ఒకరుగా బతికాక, బయటికి పంపేముందు తప్పనిసరిగా పెట్టే తెలివి పరీక్షలో ఆ పిల్లలు నిజంగానే తప్పేవారు. ఇక జన్మంతా అక్కడే. తెలివి వున్న పిల్లని తెలివిలేని పిల్లగా మార్చడానికి ఏ విషమూ పెట్టలేదు. ఎనభై మందిలో పడేశారు, అంతే.

దీనికి రెండో వైపు ఇంకా బాగుంటుంది. ఆ సంస్థలో వయసొచ్చిన అమ్మాయిల్ని అక్కడి ఉద్యోగుల ఇళ్లకి పనికి పంపేవారు. వంట, ఇల్లు సర్దుకోవడం, పిల్లల్ని చూసుకోవడం నేర్చుకుంటారని. అలా యూరీ ఇంటికీ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. వాళ్లమ్మ దగ్గరుండి పని నేర్పేది. వాళ్లు ఇంట్లో మనుషులైపోయేవారు. తీరా ఒక్క క్షణం ఆ అమ్మాయి లేకపోతే ఇల్లు నడవదు అన్నంత చేతికందివచ్చే వేళకి తండ్రిగారు ఆమెని విడుదల చెయ్యమని సిఫారసు చేసేవాడు. ఎందుకంటే ఇప్పుడామె ఆ పరీక్ష గట్టెక్కుతోంది! నమ్మకంగా పనిచేసే పిల్ల చేజారిపోతే ఏ ఇల్లాలికైనా ప్రాణం వుసూరుమంటుంది. కాని ఆ కొడుకు మనసులో ఒక సత్యం నాటుకుపోయింది. ఎనభై మంది మందలో బుద్ధి వాడిపోతుంది. పేరు పెట్టి పిలిచే వంటింట్లో అదే బుద్ధి చిగురిస్తుంది.

ఆ కొడుకు పెద్దవాడై మనస్తత్వశాస్త్రం చదివాడు, కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. తోటి శాస్త్రజ్ఞులతో ఆయనకో పేచీ వుండేది. ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్లు, ముక్కూ మొహం తెలియని గదిలో, ఓ పావుగంట పిల్లవాణ్ణి కూర్చోబెట్టి పరీక్షిస్తే వాడి స్వభావం ఎలా తెలుస్తుందని. 1965లో అమెరికా ప్రభుత్వం పేద పిల్లల కోసం హెడ్ స్టార్ట్ అనే పథకం పెట్టినప్పుడు దాన్ని తీర్చిదిద్దినవారిలో ఆయనొకరు. పిల్లవాడికి పలకా పుస్తకం ఇస్తే చాలదు, తల్లిదండ్రుల్ని కూడా కలుపుకోవాలని పట్టుబట్టాడు. చివరికి 1979లో తన ఆలోచననంతా ఒక పుస్తకంగా వెలువరించాడు. అదే జీవావరణ వ్యవస్థల సిద్ధాంతం. పేరు చూసి భయపడకండి.

మన ఇళ్లలో ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే స్టీలు డబ్బాల సెట్టు వుంటుంది చూడండి. ఆయన రష్యావాడు గనక ఒకదాంట్లో ఒకటి దాగే రష్యా చెక్కబొమ్మలతో పోల్చాడు. మనం డబ్బాలే అనుకుందాం. అన్నిటికన్నా లోపల పిల్లవాడు. వాడిచుట్టూ మొదటి డబ్బా, వాడు స్వయంగా మసిలే చోట్లు: ఇల్లు, తరగతి, ఆటస్థలం, వీధి నేస్తులు. రెండో డబ్బా, ఆ చోట్లకి మధ్య వున్న సంబంధం: అమ్మా మాస్టారూ మాట్లాడుకుంటారా, బడి స్నేహితులు ఇంటికి వస్తారా అన్నది. మూడోది, వాడు అడుగైనా పెట్టకపోయినా వాడి అన్నం ముద్దలో కలిసే సంగతులు: తండ్రి ఆఫీసులో పై అధికారి చిరాకు, తల్లి డ్యూటీ వేళలు, బడికి ఇంకో టీచర్ని ఇవ్వాలా వద్దా అని ఎక్కడో పడిన సంతకం. నాలుగోది అన్నిటికన్నా పెద్ద డబ్బా: దేశపు చట్టాలు, ఆచారాలు, "మగపిల్లాడన్నాక ఆ మాత్రం వుండాలి" లాంటి నమ్మకాలు. తర్వాత్తర్వాత కాలాన్ని కూడా కలిపాడాయన. తాతగారు పోయిన ఏడాది, కొత్త వూరికి బదిలీ అయిన ఏడాది పిల్లవాడు నిరుటి పిల్లవాడు కాడు గదా!

నేను నవలలు రాసేదాన్ని. నవలలో దుర్మార్గుడు కావలసివస్తే మాకు మహా సులువు. రెండు వాక్యాల్లో వాడి కళ్లలో క్రౌర్యం పెట్టేస్తాం, పాఠకులు నమ్మేస్తారు. బతుకులో అలా కుదరదు. పదేళ్ల పిల్లవాణ్ణి పట్టుకుని "వీడి రక్తమే అంత" అంటే, మిగతా డబ్బాలన్నిటికీ మూత బిగించేసినట్టే.

ఇదంతా వినడానికి బాగానే వుంది, చేసి చూసినవాళ్లున్నారా అంటారేమో. వున్నారు. దానికోసం మంచుదేశాలకి వెళ్లాలి. 1969లో స్వీడన్‌లో పీటర్ పాల్ హైనెమన్ అనే వైద్యుడు, బళ్లలో పిల్లలు గుంపుగా చేరి ఒక్కణ్ణి వేటాడి ఏడిపించడం గురించి రాశాడు. దానికాయన వాడిన మాట మందగా మీదపడే పక్షుల్ని గురించి శాస్త్రజ్ఞులు వాడేది. దేశమంతా వులిక్కిపడింది. అంతవరకూ అది "పిల్లల గొడవ".

డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని ఓపిగ్గా లెక్కలు కట్టి చూశాడు. పుట్టింది స్వీడన్‌లో, పనిచేసింది నార్వేలోని బెర్గెన్‌లో. వందలాది మగపిల్లల్ని పరిశీలించి 1973లో మొదటి పుస్తకం రాశాడు. అంటే బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ పుస్తకానికి ఆరేళ్లు ముందే. ఇద్దరి దారులూ వేరు. కాని ఓల్వేయస్ కనిపెట్టినవన్నీ ఆ డబ్బాల సెట్టులో చక్కగా అమరిపోతాయి. ఆయన తేల్చిన మొదటి సంగతి, మంద అంతా మీద పడదు. ఇద్దరో ముగ్గురో మొదలుపెడతారు, మిగతావాళ్లు చూస్తూ వుంటారు. రెండోది, లావుగా వుండడం, కళ్లద్దాలు పెట్టుకోవడం, ఎర్రజుట్టు వుండడం వల్ల పిల్లలు దెబ్బలు తింటారన్నది లెక్కలకి నిలవలేదు. మూడోది, తరగతిలో పిల్లలు ఎక్కువైతే హింస ఎక్కువ అన్నదీ నిలవలేదు. నిలిచినవి ఏమిటంటే, ఇంటర్వెల్‌లో ఆటస్థలంలో తిరిగే టీచర్లు ఎక్కువగా వున్న చోట ఏడిపింపు తక్కువ. ఇక కొట్టే పిల్లల ఇళ్లలో కనబడినవి, చిన్నప్పుడు పెంచినవారి ఆప్యాయత కరువు, వాడు ఎవర్ని కొట్టినా చూసీ చూడనట్టు పోవడం, మళ్లీ కోపమొస్తే చావబాదడం. వాడి సహజమైన దుడుకుతనం కూడా కొంత. అంటే దెబ్బ ఇంట్లో తిని బళ్లో తిరిగి ఇచ్చేస్తున్నాడన్నమాట, అప్పు తీర్చుకున్నట్టు.

ఈ లెక్కలన్నీ కొన్నాళ్లు పుస్తకాల్లోనే వుండిపోయాయి. 1982 చివర్లో ఉత్తర నార్వేలో పదేళ్లకీ పధ్నాలుగేళ్లకీ మధ్య వయసున్న ముగ్గురు మగపిల్లలు ప్రాణం తీసుకున్నారు. తోటిపిల్లల వేధింపే కారణం కావచ్చునని పత్రికలు రాశాయి. దేశం నిద్రపోలేదు. 1983 శరత్కాలానికల్లా విద్యాశాఖ దేశంలోని ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలన్నిటా ఉద్యమం మొదలుపెట్టింది. అప్పుడు తీసిన లెక్కలో ప్రతి ఏడుగురు పిల్లల్లో ఒకరు కొట్టేవారో, పడేవారో అయివున్నారు.

ఆ ఉద్యమంలో ఏంచేశారో వినండి. ఉపాధ్యాయులకి 32 పేజీల పుస్తకం. 25 నిమిషాల వీడియో. పిల్లలకి ప్రశ్నపత్రం, పేరు రాయనక్కరలేకుండా. బడికెళ్లే పిల్లలున్న ప్రతి ఇంటికీ 4 పేజీల కరపత్రం. ప్రతి ఇంటికీ అన్న మాట గమనించారా? "గొడవ చేసేవాళ్ల ఇళ్లకి" అని కాదు. కొట్టేవాడి తల్లిని వేరుచేసి నిలబెట్టకుండా అందరి గుమ్మంలోకీ ఒకే కాగితం వచ్చింది. ఓల్వేయస్ దీనితోపాటు ఇంకా గట్టి ఏర్పాట్లు చేశాడు. తరగతిలో అందరూ ఒప్పుకున్న నియమాలు, వారం వారం దాని గురించి మాటలు, ఇంటర్వెల్‌లో పెద్దల కాపలా, కొట్టినవాడితోనూ తిన్నవాడితోనూ వాళ్ల తల్లిదండ్రులతోనూ సూటిగా సంభాషణ. బెర్గెన్‌లోని 42 బడుల్లో సుమారు 2,500 మంది పిల్లల్ని రెండున్నరేళ్లు వెంటాడి చూస్తే, ఎనిమిది నెలలకీ ఇరవై నెలలకీ కూడా వేధింపు దాదాపు సగానికి పడిపోయింది. దొంగతనాలూ బడి ఎగ్గొట్టడాలూ కూడా తగ్గాయి.

అలాగని అంతా సుఖాంతం అనుకోకండి. అదే నార్వేలో మరో ప్రాంతంలో, పుస్తకాలు పంచి బడులని వాటి మానాన వదిలేశారు. మూడేళ్లకి చూస్తే అక్కడ ఆశించిన మార్పు కనబడలేదు. కాస్త శ్రద్ధపెట్టిన బడులే మెరుగ్గా వున్నాయి. కరపత్రం ఇల్లు చేరడం వేరు, మనిషి మనిషితో మాట్లాడడం వేరు.

మరి చుట్టూ వున్నవాటి మీదే నేరమంతా పెడితే కొట్టినవాడి తప్పేం లేదా? ఈ అనుమానం నాకూ వచ్చింది. ఓల్వేయస్ ఆ మాట ఎక్కడా అనలేదు. తప్పు చేస్తే ఫలితం తప్పక వుండాలన్నాడు. అయితే అది పగతో చేసేదీ, చెయ్యి చేసుకునేదీ కారాదన్నాడు. ప్రేమా వుండాలి, గీతా వుండాలి. రెండూ ఒకే మనిషి చేతిలో వుండాలి. పిల్లల్ని పెంచినవాళ్లకి ఇది ఎంత కష్టమో తెలుసు.

ఆ తర్వాత ఫిన్లండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి అనే ఆవిడ, "చూస్తూ వుండేవాళ్ల" మీద దృష్టి పెట్టింది. కొందరు కొట్టేవాడికి సాయం చేస్తారు, కొందరు నవ్వి ఎగదోస్తారు, కొందరు మనకెందుకని పక్కకి తప్పుకుంటారు, ఏ కొందరో అడ్డుపడతారు. నవ్వేవాళ్లు నవ్వడం మానేస్తే కొట్టేవాడికి సరదా పోతుంది. ఈ సూత్రం మీద తయారైన కార్యక్రమం 2009 నుంచి ఫిన్లండ్ దేశమంతటా బడుల్లో అమలైంది.

రెండో డబ్బా తెగిపోతే ఎంత ప్రమాదమో అమెరికా చెప్పింది. 1999 ఏప్రిల్‌లో కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటిపిల్లల్నీ ఒక టీచర్నీ కాల్చి చంపారు. ఆ తర్వాత దేశాధ్యక్షుడికి కాపలా వుండే సీక్రెట్ సర్వీసూ, విద్యాశాఖా కలిసి 1974 నుంచి 2000 వరకూ జరిగిన 37 ఇలాంటి ఘటనల్ని శోధించి 2002లో నివేదిక ఇచ్చాయి. "ఇలాంటి పిల్లవాడే చేస్తాడు" అని గుర్తుపట్టే నమూనా ఏదీ దొరకలేదు. దొరికినవి వేరే వున్నాయి. ఆ కుర్రాళ్లలో సుమారు 70 శాతం మంది తాము వేధింపుకి గురయ్యామనుకున్నవాళ్లు. దాదాపు అంతే మంది తుపాకీ తెచ్చుకున్నది సొంత ఇంటి నుంచో బంధువుల ఇంటి నుంచో. నూటికి 81 ఘటనల్లో వాడు చేయబోయేది ముందే మరొకరికి తెలుసు. తెలిసినవాళ్లు దాదాపు అందరూ తోటి పిల్లలే. ఆ మాట ఆటస్థలం దాటి ఇంటికో, టీచరు బల్ల దగ్గరికో చేరలేదు. మధ్యలో దారి లేదు.

నాలుగో డబ్బా దగ్గరికొస్తే మనకీ చెప్పుకోవలసింది చాలా వుంది. మన వీధిబడుల్లో కోదండం వేసేవారని విన్నారుగా. దూలానికి తాడు కట్టి, పిల్లవాణ్ణి దాన్ని పట్టుకు వేళ్లాడమనడం. గుంజీళ్లు, గోడకుర్చీ, తొడపాశం సరేసరి. అన్నిటికన్నా నాకు ఘోరమనిపించేది వేరే వుంది. జవాబు చెప్పినవాడి చేత, చెప్పలేనివాడి ముక్కు పట్టించి చెంపదెబ్బ కొట్టించడం! తోటివాణ్ణి కొట్టడం మనం పాఠంగా నేర్పించాం. పైగా బాగా చదివినందుకు బహుమతిగా. మొక్కై వంగనిది మానై వంగునా అని ఓ సామెత చేతిలో వుంది గనక ఎవరికీ తప్పనిపించలేదు. మొక్కని వంచడానికి బెత్తం కాదు, కాస్త ఎండా నీళ్లూ కావాలని ఆ సామెత చెప్పలేదు మరి.

స్వీడన్ 1979లో, ప్రపంచంలోనే మొదటిసారిగా, తల్లిదండ్రులు కూడా పిల్లల్ని కొట్టకూడదని చట్టం చేసింది. ఆ సంగతి అందరికీ తెలియాలని ఇంటింటికీ పుస్తకం పంచి, పాల డబ్బాల మీద కూడా అచ్చువేయించింది. పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ తల్లులూ, పాలు తాగుతూ పిల్లలూ చదువుకున్నారు. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బళ్లో పిల్లల్ని కొట్టడాన్నీ మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. కాలేజీల్లో ర్యాగింగ్ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం తెచ్చింది. అయినా 2009-10లో బాలల హక్కుల జాతీయ కమిషన్ 7 రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని అడిగితే, ఏ దండనా ఎరగమన్నవాళ్లు 9 మంది! చట్టం పెద్ద డబ్బాలో పుట్టింది గాని, చిన్న డబ్బాలోకి ఇంకా దిగలేదు.

బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ 2005లో కన్నుమూశాడు, ఓల్వేయస్ 2020లో. మనం ఆఫీసులో పై అధికారిని మార్చలేం, చట్టాలు రాయలేం. రెండో డబ్బా మాత్రం, ఇంటికీ బడికీ మధ్య వున్నది, చాలావరకు మన చేతిలోనే వుంది. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లి లెక్కల్లో ఎన్ని, సైన్సులో ఎన్ని అని అడిగి వచ్చేస్తాం. ఈసారి వెళ్లినప్పుడు ఇంకొక్క ప్రశ్న కూడా అడిగి చూడండి: "ఇంటర్వెల్‌లో మా వాడు ఎవరి పక్కన కూర్చుంటాడండీ?" టీచరుగారికి జవాబు తెలిస్తే సంతోషం. తెలియకపోతే, మర్నాటి నుంచి ఆవిడ కూడా చూడడం మొదలుపెడుతుంది.